గుప్పిట్లో కరిగిన మందు

బడి బ్యాగులో ఏమీ దొరకలేదు. నా కోడలు రెబెకా దాన్ని తలకిందులు చేసి దులిపింది. పుస్తకాలు, విరిగిన స్కేలు, సండే స్కూల్లో ఇచ్చిన వాక్యాల కార్డులు వాకిట్లో పడ్డాయి. చాక్లెట్టు కాగితం ఒక్కటీ లేదు.

మోకాళ్ల మీద కూర్చుని ఆ కార్డుల మధ్య కూడా వెతికింది.

మంచం మీద నా మనవరాలు ఫెబీ గోడకు ఆనుకుని చెంబెత్తి నీళ్లు తాగుతోంది. పొద్దున లేచినప్పటి నుంచి అది ఆరో చెంబు. పదమూడేళ్ల పిల్ల. మూడు నెలల కింద ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాక కాస్త ఒళ్లు చేసింది. ఈ వారంలో మళ్లీ మెడ ఎముకలు లేచాయి.

"షుగరు మిషను ఎంత చూపిచ్చింది?" అని అడిగాను.

"అంకె చూపీలేదు అత్తా. అంకెలు దాటిపోతే ఇంగ్లీషు అక్షరాలు వస్తాయని నర్సమ్మ చెప్పింది గదా. అయ్యే వచ్చినాయి."

"పొద్దున సూది వేసినావు గదా."

"వేసినా. నిన్న వేసినా, మొన్న వేసినా. నేను సూది వేస్తానే ఉండా, షుగరు ఎక్కతానే ఉండాది. అంటే ఏంది? నాకు తెలియకుండా కడుపులోకి ఏదో పోతాంది."

అనేసి నా వైపు చూసింది. నేను చాటలో బియ్యం వైపు చూశాను. ఆ చూపు నాకు కొత్త కాదు. వారం రోజులుగా అన్నం పెట్టేటప్పుడు, చెంబు కడిగేటప్పుడు, ప్రార్థనకు మోకరించేటప్పుడు కూడా ఆ చూపు నా మీదే ఉంది.

"నోరు తెరిచి చెప్పరాదా రెబెకమ్మా. నేనే పెడతా ఉండానని."

"నేను అనలా. నువ్వే అంటాండావు."

"పండగనాడు ఆరాధన అయినంక ప్రేమ విందులో లడ్లు పంచినారు. పాప చేతికీ ఒకటిచ్చినారు. అది ఏమైందని గదా నీ బాధ. ఆ లడ్డు నేను తిన్నా. పాపే తెచ్చి నా చేతిలో పెట్టింది, గుడి వెనకమాల నిలబడి తినేసినా. దేవుని తోడు."

రెబెకా నవ్వింది. ఆ నవ్వు ఏడుపు కంటే పాడుగా ఉంది.

"నీకు పైన రెండు పళ్లు, కింద మూడు. బూందీ లడ్డు నమిలినావా అత్తా?"

"చప్పరించినా."

"మనవరాలి కోసం ఎంతైనా చెప్తావు నువ్వు. ఎంత చెప్పినా దాని నెత్తురు అబద్ధం చెప్పదు."

నిజం చెబితే నమ్మని రోజు ఒకటి వస్తుందని మా అమ్మ అనేది. ఆ రోజు వాకిట్లో ఎండతో పాటే వచ్చి కూర్చుంది.

చెంబు అడుగున నీళ్లు గటగటమన్న చప్పుడే వినిపించింది. ఆ చప్పుడు వింటే నాకు మా తమ్ముడు గుర్తొస్తాడు.

నిత్యానందం వాడి పేరు. అప్పుడు మాది కర్నూలు జిల్లా. మార్కాపురం పక్కన పలకల గనిలో మా నాయన రాయి కొట్టేవాడు. మేమిద్దరం చెట్టు కింద కూర్చుని పలకల అంచులు రుద్దేవాళ్లం. సాయంత్రానికి మా కనుబొమలు కూడా బూడిద రంగులోకి తిరిగేవి. ఒకరినొకరు చూసుకుని ముసలోళ్లమయ్యామని నవ్వుకునేవాళ్లం. విరిగిన ముక్క ఏదైనా ఉంటే నాయన ఇంటికి తెచ్చేవాడు. ఊరందరి పిల్లలకూ పలకలు చేసే ఇంట్లో పగలని పలక ఒక్కటి ఉండేది కాదు. ఆ ముక్క మీద తమ్ముడు అక్షరాలు రాసి నాకు చూపించేవాడు. నేను బడికి పోలేదు. నాకు వచ్చిన నాలుగక్షరాలూ వాడు పెట్టినవే. నేను వంకరగా రాస్తే, "అక్కా, నువ్వు రాసిన 'అ' కు కడుపునొప్పి వచ్చినట్టుండాది," అనేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టెలో ఉల్లిగడ్డ చుట్టుకుని తినేవాళ్లం. దూరంగా రైలు కూత వేస్తే ఎన్ని పెట్టెలో పందెం కాసేవాళ్లం. వాడెప్పుడూ ఒకటి ఎక్కువే చెప్పేవాడు.

పదో ఏట, ఎండాకాలంలో, వాడికి దాహం పట్టుకుంది. కుండ కుండే ఖాళీ చేసేవాడు. పెరట్లో వాడు ఒంటికి పోసిన చోట చీమలు బారులు కట్టేవి. "ఒంట్లో తీపున్న బిడ్డ, అదృష్టవంతుడు," అంది పక్కింటావిడ. మా అమ్మ మురిసిపోయింది. రోజురోజుకీ చిక్కిపోతున్నాడని బెల్లం నీళ్లు కలిపి తాపమంది. తాపింది నేనే. చివరి రోజుల్లో వాడి నోట్లో మాగిన సీతాఫలం వాసన వచ్చేది. ఆ వాసనకు పేరుందనీ, ఆ జబ్బుకు మందుందనీ మాకు చెప్పే మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

అందుకే మొన్న చలికాలంలో మా ఫెబీ రాత్రికి నాలుగుసార్లు లేవడం, స్నానాల గది పక్కన చీమలు పట్టడం చూసి నేను కొడుకు మీద పడ్డాను. "ఇప్పుడే ఆటో తీయి," అన్నాను. చిన్నపిల్లలకు షుగరు ఏందని ఊరంతా నవ్వింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఇంకో రెండు రోజులైతే పిల్ల దక్కేది కాదు, ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. రెబెకా నన్ను చూపించింది. ఆ రోజు నా కోడలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఆ రెబెకానే లేచి నిలబడింది.

"అత్తా, ఒక మాట. ఆయన వచ్చినంక చెప్దామనుకున్నా, ఇప్పుడే చెప్తాండా. నువ్వు కొన్నాళ్లు కురిచేడు పో. జెస్సీ వదిన దగ్గర ఉండు."

"నా కూతురింటికి పోయేదానికి నువ్వు చెప్పాల్నా."

"బిడ్డ షుగరు దారికొచ్చిందాక. నువ్వు ఉంటే అది మాట వినదు. నువ్వూ వినవు."

డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉన్నాను. కురిచేడులో నా కూతురు నన్ను బాగానే చూస్తుంది. కానీ పొద్దున లేచి ఈ పిల్ల మొహం చూడకుండా నేను ఏం చేయాలి అక్కడ?

"నేనే తిన్నా," అంది ఫెబీ.

ఇద్దరం తిరిగాము.

"అవ్వ ఏం పెట్టలా. లడ్డు నేనే తిన్నా. బడి కాడ పల్లీ పట్టీలు కూడా కొనుక్కుని తిన్నా. రోజూ తిన్నా. అవ్వను పంపించొద్దు మా."

రెబెకా కొట్టలేదు. కొడితే బాగుండేది. మంచం అంచున కూర్చుని కూతురి పాదం పట్టుకుంది.

"నేను నీకు అన్నం సగం చేసి పెడతాండా. పిడికెడు. నీకు పెట్టి నేను కూడా పిడికెడే తింటాండా. నువ్వేమో..."

పాదం వదిలి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ పిల్ల అబద్ధం చెబుతోందని నాకు తెలుసు. లడ్డు నా కడుపులోకి పోయింది. బడికి వారం నుంచి పోనేలేదు, పల్లీ పట్టీలు ఎక్కడివి? అది మాత్రం తల్లికి తట్టలేదు. నేను చెప్పినా నమ్మే స్థితిలో లేదు. నన్ను ఇంట్లో ఉంచడానికి పదమూడేళ్ల పిల్ల దొంగతనం నెత్తిన వేసుకుంది. మరి ఎవరూ తీపి పెట్టకపోతే షుగరు ఎందుకు ఎక్కుతోంది?

అంతలో ఫెబీ వంగి వాంతి చేసుకుంది. నీళ్లే. నేను వీపు నిమురుతూ దగ్గరికి వంగాను. సీతాఫలం వాసన.

"మీ ఆయనకు ఫోన్ చెయ్యి రెబెకమ్మా. మాటలు తర్వాత."

నా కొడుకు పాల్ రాజు ఆటో తోలతాడు. బేస్తవారిపేట సెంటర్లో ఉన్నాడు, పది నిమిషాల్లో వస్తానన్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు, "వెంటనే తీసుకురండి, మిషనూ, వాడుతున్న ఇన్సులినూ కూడా తీసుకురండి," అంది. ఇన్సులిన్ మా ఇంట్లో ఉండదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా అలివేలమ్మ దుకాణానికి నడిచాను.

ఆ సంగతి ఒకటి ఉంది. ఆసుపత్రిలో రెబెకాకు చెప్పి పంపారు, ఫ్రిజ్జు లేకపోతే తడి ఇసుకలో కుండ పెట్టి, ఆ కుండలో సీసా ఉంచమని. పండగ దాకా అట్లే పెట్టుకున్నాం. ఇసుకకు పూటపూటా నేనే నీళ్లు చల్లేదాన్ని. పండగనాడు గుళ్లో ఆడవాళ్లు ఆ మాట విని, "బిడ్డ ప్రాణం తెచ్చి కుండలో పెట్టినారా," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పుట్టినప్పటి నుంచి కుండ నీళ్లే తాగాను, అయినా ఆ రోజు కుండంటే నామోషీ అనిపించింది. మా వీధిలో ఫ్రిజ్జు ఉన్నది అలివేలమ్మకే. కూలికి పోయేవాళ్లకు నీళ్ల ప్యాకెట్లు గడ్డ కట్టించి అమ్ముతుంది. కరెంటు పూటకోసారి పోతోంది కదా, కింద అరలో చల్లదనం నిలవదు, పైన ఐసు కట్టే అరలో పెట్టమన్నాను. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను. సూది వేళకు పోయి సీసా తెచ్చేది నేనే. గడ్డకట్టి ఉండేది. దారంతా గుప్పిట్లో పెట్టుకుని, ఊది, ఇల్లు చేరేలోగా కరిగించేదాన్ని. రెబెకా చేతికి ఇచ్చేసరికి మామూలుగా ఉండేది. ఫ్రిజ్జులో ఉందనే తప్ప ఐసు అర సంగతి ఆమెకు తెలియదు. నా చేతి వేడితో బిడ్డ మందు కరుగుతోందని లోపల నాకు సంతోషంగా కూడా ఉండేది.

"రా వదినా. ఇప్పుడే గదా పెట్టి పోయినావు," అంది అలివేలమ్మ ఫ్రిజ్జు తలుపు తెరుస్తూ.

"ఆసుపత్రికి పోవాల. పాపకు బాగలేదు."

"అయ్యో. ఈ పొద్దు ఏం లగ్నమో. మా ఇంట్లో కూడా పొద్దున్నుంచి పంచాయితీనే."

అరుగు మీద ఆమె మొగుడు యల్లయ్య కూర్చుని ఉన్నాడు. యాభై గొర్రెల మనిషి. ముందర రెండు ఖాళీ సీసాలు.

"నువ్వే చెప్పు సువార్తక్కా. గొర్రెలకు చిటుకు రోగం టీకా మందు తెచ్చి, ఫ్రిజ్జులో పెట్టమని ఈమెకిచ్చినా. ఈ మహాతల్లి తీసుకుపోయి ఐసులో పెట్టింది."

"చల్లగా పెట్టమన్నది ఎవరు? నువ్వు గాదా? చల్లదనానికి కొలత ఉండాదని నాకు చెప్పినావా?"

"పశువుల డాక్టరు వచ్చినాడు. సీసా పైకెత్తి చూసినాడు, పారబోసినాడు. ఒకసారి గడ్డకట్టితే మళ్ళా కరిగినా అది మందు కాదంట అక్కా. సత్తువ పోతాదంట. పొడిచినా ఒకటే, పొడవకున్నా ఒకటేనంట. యాభై గొర్రెలు నిలబెట్టుకుని నేను వెర్రి మొహమేసినా."

"నీ మొహానికి టీకా కావాల్నా అట్ల ఉండేదానికి," అంది అలివేలమ్మ. అంటూనే సీసా నా చేతిలో పెట్టింది.

చల్లదనం అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. అలవాటుగా గుప్పిలి మూశాను. తర్వాత తెరిచాను.

"యల్లయ్యా, మనుషుల మందు కూడా అట్లనేనా?"

"నాకేం తెలుసు అక్కా. నేను గొర్రెల మనిషిని."

అలివేలమ్మకు అప్పుడు అర్థమైంది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"వదినా..."

"ఎన్ని దినాలైంది అలివేలమ్మా, నేను పైన పెట్టమని చెప్పి?"

"పండగ మర్నాటి నుంచి. ఎనిమిది... తొమ్మిది దినాలు."

తొమ్మిది రోజులుగా నా కోడలు నా మనవరాలికి సూది గుచ్చుతోంది. అది పళ్లు బిగబట్టి గుచ్చించుకుంటోంది. లోపలికి పోతున్నది నేను గుప్పిట్లో కరిగించిన ఉత్త నీళ్లు.

"ఎవరికీ చెప్పొద్దు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. సీసాను రొంటిన దోపుకుని బయటికి వచ్చాను.

ఆటో అప్పటికే వాకిట్లో ఉంది. వెనక సీటులో ఫెబీ తల నా ఒడిలో, కాళ్లు తల్లి ఒడిలో పెట్టుకుని పడుకుంది. మార్కాపురం గంట దారి. పాల్ రాజు వెనక్కి తిరగకుండా తోలుతున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచి అంతే, భయమేస్తే మాట్లాడడు.

"మందు తెచ్చినావా అత్తా?" అంది రెబెకా.

"తెచ్చినా."

ఇంకో మాట చెప్పాలి. తర్లుపాడు దాటేలోగా చెబుదామనుకున్నాను. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు చెబుదామనుకున్నాను. పొట్టేలుకు పొడిచే మందు సంగతి పశువుల డాక్టరుకు తెలుసు, నీకు తెలియకపోతే ఎవరినన్నా ఒక్క మాట అడగరాదా అని కోడలు అడిగితే ఏం చెప్పను? అడగదు. అడగకుండా కురిచేడు బస్సెక్కిస్తుంది. ఈసారి ఎవరూ అడ్డం రారు, రాకూడదు కూడా.

రైలు పోయింది. ఎన్ని పెట్టెలో నేను లెక్కపెట్టలేదు.

"ఇంటికొచ్చినంక అన్నం ఇంకా తగ్గిస్తా," అంది రెబెకా, ఎవరితోనో అన్నట్టు. "చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళమేస్తా."

ఫెబీ కళ్లు తెరిచి నన్ను చూసింది. తల కొంచెం అడ్డంగా ఊపింది. ఏమీ చెప్పొద్దన్నట్టు. తను తినలేదన్న మాట ఎక్కడ బయటపెడతానోనని దాని భయం. నా రొంటిన ఏముందో ఆ పిల్లకు తెలియదు.

ఆసుపత్రిలో దాన్ని మంచం మీద వేసి సెలైను ఎక్కించారు. వేలి కొస నుంచి నెత్తురు తీశారు, ఒంటికి పోయించి చూశారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా జెస్సీ కంటే చిన్నది. ఊపిరి దగ్గర మొహం పెట్టి చూసి, నర్సుకు గబగబా ఏదో చెప్పింది. తర్వాత మా వైపు తిరిగింది.

"ఇన్సులిన్ ఆపేశారా? ప్రార్థనలనీ, ఆకు మందులనీ?"

"లేదు డాక్టరమ్మా, ఒక్క పూట తప్పలా," అంది రెబెకా. "ఇదే దొంగచాటుగా తీపి తినింది. ఒప్పుకుంది కూడా."

డాక్టరమ్మ ఫెబీని చూసింది. "ఏం తిన్నావమ్మా?"

"లడ్డు," అంది ఫెబీ. "పల్లీ పట్టీలు."

"రోజూనా?"

"రోజూ."

"సూది సరిగ్గా పడుతుంటే ఒక లడ్డుకు పిల్ల ఇట్లా అయిపోదు. మందు తెచ్చారా?"

రెబెకా నా వైపు చెయ్యి చాచింది. సీసా తీసి ఆ చేతిలో పెట్టేస్తే చాలు. అప్పటికి పూర్తిగా కరిగిపోయింది. చూస్తే ఎవరికీ తెలియదు. పిల్ల ఎలాగూ ఒప్పుకుంది. తిట్టి, మంచి మందు ఇచ్చి పంపిస్తారు.

మంచం మీద నిత్యానందం వయసు దాటి మూడేళ్లు బతికిన పిల్ల నన్నే చూస్తోంది.

"డాక్టరమ్మా," అన్నాను. సీసా కోడలికి ఇవ్వలేదు. డాక్టరమ్మకే ఇచ్చాను. "ఈ మందు తొమ్మిది దినాలు ఐసులో ఉండాది. గడ్డ కట్టింది. నేనే పెట్టమన్నా, నేనే కరిగించి తెచ్చి కోడలి చేతికిచ్చినా. ఆమెకు తెలియదు. ఈ పిల్ల ఏం తినలా. లడ్డు తినింది నేను."

డాక్టరమ్మ సీసాను కిటికీ వెలుతురుకు పట్టింది. అటూ ఇటూ వంచింది. లోపల సన్నని తునకలేవో తేలాయి. ఇన్నాళ్లూ నా కంటికి కనబడలేదు. ఆమె దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

"కుండలో పెట్టుకున్నా సరిపోయేదమ్మా," అంది.

పాల్ రాజు గోడకు తల ఆనించాడు.

"ఇంట్లో అన్నం తగ్గించారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"సగం చేసినా," అంది రెబెకా. "షుగరని."

"ఇది తీపి తింటే వచ్చిన జబ్బు కాదు, మానేస్తే పోయేదీ కాదు. ఎదిగే పిల్ల. దానికి అన్నం కావాలి, అన్నానికి తగ్గ ఇన్సులిన్ కావాలి. రెండు రోజులు ఇక్కడే ఉంచుకుని గంటగంటకూ చూడాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

ఆమె వెళ్లిపోయింది. సెలైను చుక్కలు పడుతున్నాయి. రెబెకా నన్ను చూడలేదు. కూతురి తల దగ్గరికి పోయి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి తిన్నానని ఎందుకు చెప్పినావు?"

ఫెబీ గోడ వైపు తిరిగింది.

"ఎనిమిది దినాలు పిడికెడన్నం పెట్టినా నీకు. ఒక్క దినం కూడా ఇంకొంచెం పెట్టు మా అనలా. ఆకలి కాలేదా?"

నిద్రపోయిందనుకున్నాను.

"అయింది," అంది ఫెబీ, గోడకు చెప్పినట్టు.

రెబెకా రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ఒక అడుగు వేశాను. భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయడానికి నాకిప్పుడు అర్హత ఉందో లేదో తెలియక మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది.

"ఇంటికి పోయినాక మందు దాచేది, సూది వేసేది ఇద్దరు ముగ్గురైతే ఇట్లాంటి పొరపాట్లే అవుతాయి. ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరికి రేపు పొద్దున మొదటి నుంచి మళ్లీ నేర్పిస్తాం. ఎవరి పేరు రాసుకోను?"

పాల్ రాజు భార్య వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

రెబెకా మొహం మీది చేతులు తీసి, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి నా కళ్లలోకి చూసింది. పెదవులు కదిలాయి. నర్సు పెన్ను కాగితానికి ఆనించి, ఏ పేరు చెబుతుందోనని ఎదురుచూస్తోంది.